ఆ సౌండ్ ఏ సింథ్‌ది? ఎలక్ట్రానిక్ పాప్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రానిక్ పాప్ వినేవాళ్లు, సొంతంగా చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. ఒకరికి చెప్పి వారం తిరక్కముందే ఇంకొకరు అదే అడుగుతారు. ప్రతిసారీ పాత జవాబు వెతికి పంపడం కంటే అన్నీ ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది. ఏ ప్రశ్నకాప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

ముందే ఒక మాట. చాలామంది "సింథ్ పేరు చెప్పండి చాలు" అంటారు. పేరు చెప్తాను. కానీ అది సగం జవాబే. ఆ యంత్రానికి చేతకానిచోట మనిషి ఏం చేశాడన్నది మిగతా సగం.

## వింటున్నప్పుడు వచ్చేవి

సింథసైజర్ అంటే కీబోర్డే కదా, మళ్లీ వేరే పేరెందుకు?

కీబోర్డు అంటే మెట్లు మాత్రమే. సింథ్ అంటే శబ్దాన్ని పుట్టించే భాగం. మెట్లే లేని సింథ్‌లు బోలెడున్నాయి. వైర్లతో అల్లిన బీరువా లాంటివి కొన్ని, పలక సైజులో నాలుగు బటన్లతో ఉండేవి కొన్ని.

లోపల జరిగేది పెద్ద రహస్యమేం కాదు. ఆసిలేటర్ ఒక ముడి శబ్దం ఇస్తుంది, తేనెటీగల రొదలాగా. ఫిల్టర్ అందులోని పదును తగ్గిస్తుంది. ఎన్వలప్ ఆ శబ్దం ఎంత వేగంగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా ఆరిపోవాలి అన్నది చూసుకుంటుంది. ఫిల్టర్ సంగతి అర్థం కావాలంటే మీ నోరే చాలు. "ఊ" అని ఒక శ్రుతి పట్టుకుని, శ్రుతి కదలకుండా మెల్లగా "ఆ"లోకి నోరు తెరవండి. స్వరం అదే, రంగు మారింది. ఫిల్టర్ ఎక్కడినుంచి కోయాలో చెప్పే కటాఫ్ నాబ్ తిప్పితే ఇంచుమించు జరిగేదిదే.

వినగానే ఇది ఫలానా సింథ్ అని ఎలా చెప్పేస్తారు? నాకన్నీ ఒకేలా వినిపిస్తాయి.

నిజం చెప్పాలంటే చాలాసార్లు ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్లలో సగంమంది ఎక్కడో ఇంటర్వ్యూ చదివి చెప్తారు. అయినా కొన్ని గుర్తులు మాత్రం చెవికి తొందరగానే పట్టుబడతాయి. గాజు గ్లాసును చెంచాతో తట్టినట్టు మొదలై మెత్తగా ఆరిపోయే ఎలక్ట్రిక్ పియానో వినిపిస్తే యమహా డీఎక్స్7 అనుకోవచ్చు, 1980ల నెమ్మది పాటల్లో అది లేని చోటు తక్కువ. నీళ్లలో నీడ కదిలినట్టు రెండు చెవుల మధ్యా తేలే ప్యాడ్ (పాట వెనక పరుచుకునే నిలకడ శబ్దం) అయితే రోలాండ్ జూనో కావచ్చు. ఒకసారికి ఒకే స్వరం పలుకుతూ పొట్టలో తగిలే లావుపాటి బేస్ అయితే మినీమూగ్. బాకాల గుంపు ఒక్కసారిగా ఊదినట్టు వెడల్పాటి కార్డ్‌లు (ఒకేసారి పలికే కొన్ని స్వరాలు) వినిపిస్తే ఓబర్‌హైమ్ గుర్తుకు రావాలి. వాన్ హేలెన్ "జంప్" మొదట్లో వచ్చేది ఓబర్‌హైమ్ ఓబీ-ఎక్స్ఏ.

చెవికి సాధన కావాలంటే పాట మొత్తం వినకండి. పాట మొదట్లో ఇంకా వేరే వాద్యాలు చేరకముందు వచ్చే నాలుగు సెకన్లు పదిసార్లు వినండి.

రోబో గొంతు అంటే ఆటోట్యూనేనా?

మూడు వేరువేరు సంగతులను జనం ఒకే పేరుతో పిలుస్తున్నారు.

వోకోడర్‌లో గొంతు పలికే అక్షరాల ఆకారాన్ని తీసి సింథ్ శబ్దం మీద అద్దుతారు. స్వరం సింథ్‌ది, మాట మనిషిది. క్రాఫ్ట్‌వర్క్ పాటల్లో వినిపించేది అదే. టాక్‌బాక్స్ పూర్తిగా వేరు. సింథ్ శబ్దాన్ని ఒక ప్లాస్టిక్ గొట్టం ద్వారా నోట్లోకి పంపి, పెదాలు, నాలుక కదిపి మాటగా మలిచి మైకులో పట్టడం. జాప్ బృందంలో రోజర్ ట్రౌట్‌మన్ దీన్ని ఒక విద్యగానే చేసుకున్నాడు. ఆటోట్యూన్ ఈ రెండూ కాదు, అది పాడిన గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్. సరిచేసే వేగాన్ని బాగా పెంచేస్తే గొంతు మెట్లమీంచి దూకినట్టు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తటాలున మారుతుంది.

1998లో షేర్ పాడిన "బిలీవ్"లో ఉన్నది ఈ మూడోది. తమాషా ఏమిటంటే, ప్రొడ్యూసర్లు అప్పట్లో ఒక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో అది వోకోడర్ తరహా పెడల్‌తో చేశామని చెప్పారు. కిటుకు బయటపెట్టడం ఇష్టంలేక. అందుకే ప్రొడ్యూసర్ల ఇంటర్వ్యూలను నేను కాస్త అనుమానంతోనే చదువుతాను.

పాప్‌లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడా?

కాదు. సినిమా నిర్మాతతో కలిపి చూడకండి. పాట చివరికి ఎలా వినిపించాలో తేల్చేవాడు ప్రొడ్యూసర్. ఎలక్ట్రానిక్ పాప్‌లో ట్యూన్ కట్టడం, సౌండ్ తయారుచేయడం, రికార్డింగ్ చాలాసార్లు ఒక్కరి పనే.

## పేర్లు, పాటలు, యంత్రాలు

"ఐ ఫీల్ లవ్"లో బేస్ అలా పరుగెత్తడం వెనక ఏముంది? చేత్తో వాయించారా?

ఈ ఒక్క పాట మీద నేను గంటసేపు మాట్లాడగలను. కుదించి చెప్తాను.

1977, మ్యూనిక్. జార్జియో మోరోడర్, పీట్ బెలొట్ కలిసి డోనా సమ్మర్ కోసం భవిష్యత్తులా వినిపించే పాట చేయాలనుకున్నారు. ఎబర్‌హార్డ్ షోనర్ అనే స్వరకర్త దగ్గరున్న పెద్ద మూగ్ మాడ్యులర్ సింథ్‌ను వాడుకున్నారు. దాన్ని నడపడం తెలిసిన ఇంజినీర్ రాబీ వెడెల్ కూడా వచ్చాడు. టేపు మీద ముందే ఒక టిక్ టిక్ సంకేతం రికార్డు చేసి, మూగ్ సీక్వెన్సర్ (పెట్టిన స్వరాల వరసను తనంతట తానే వాయించేది) దాని వెంటే నడిచేలా చేశాడు వెడెల్. ఆ ఏర్పాటు వల్ల తర్వాత ఎన్నిసార్లు, ఎన్ని ట్రాకులు వేసినా అన్నీ ఒకే తాళంలో కూర్చున్నాయి. ఇప్పుడు మనకిది వింత కాదు. అప్పటికి మంత్రం.

కష్టం ఎక్కడంటే మూగ్ శ్రుతి నిలిచేది కాదు. కాసేపు రికార్డు చేయడం, ఆపడం, మళ్లీ శ్రుతి చేసుకోవడం. అలా ముక్కలు ముక్కలుగా పాట పూర్తయింది. చేత్తో వాయించిన మనిషి కూడా ఇందులో ఉన్నాడు. గట్టిగా గుద్దినట్టుండే కిక్ డ్రమ్ మూగ్‌లో కుదరక, కీత్ ఫోర్సీ అసలు డ్రమ్‌నే వాయించాడు.

ఇక ఆ పరుగు. బేస్ స్వరం ఒక చెవిలో పలుకుతుంది, దాని ప్రతిధ్వని సెకనులో కొద్ది భాగం తేడాతో రెండో చెవిలో పలుకుతుంది. రెండు స్వరాల మధ్య ఖాళీలో ప్రతిధ్వని దూరడంతో వేగం రెట్టింపైనట్టు అనిపిస్తుంది. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని వినండి, తర్వాత రెండో చెవికి మార్చండి. పరుగు మాయమై, తీరిగ్గా నడిచే బేస్ ఒకటి బయటపడుతుంది.

క్రాఫ్ట్‌వర్క్ వాళ్లది ఏ సింథ్?

ఒకటి కాదు. డస్సెల్‌డార్ఫ్‌లోని వాళ్ల క్లింగ్ క్లాంగ్ స్టూడియోలో కొన్నవీ, సొంతంగా చేయించుకున్నవీ కలిసి ఉండేవి. 1974 "ఆటోబాన్" ఆల్బమ్ మీద మినీమూగ్, ఆ తర్వాత వోకోడర్లు, సీక్వెన్సర్లు. 1981లో "పాకెట్ కాలిక్యులేటర్" పాటకైతే బొమ్మల స్థాయి చిన్న యంత్రాలు కూడా వాడారు. ఖరీదైన యంత్రమే కావాలనేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ అది.

గ్యారీ న్యూమన్ "కార్స్"లో ఆ చల్లని తీగల శబ్దం ఏంటి?

పాలీమూగ్ సింథ్‌లోని వాక్స్ హ్యుమానా అనే ప్రీసెట్, అంటే కంపెనీయే ముందుగా పెట్టి ఇచ్చిన శబ్దం. పేరుకు మనిషి గొంతు, వినడానికి మంచుగడ్డ. 1979 నాటిది. పంక్ పాటలు రికార్డు చేయడానికి స్టూడియోకి వెళ్లిన న్యూమన్‌కు అక్కడ ఎవరో వదిలేసిన మినీమూగ్ కనిపించింది, ఆయన దారే మారిపోయింది.

"బ్లూ మండే"లో ట్యూన్ కొంచెం పక్కకు జరిగినట్టు ఉంటుంది. నా చెవి తప్పా?

మీ చెవి తప్పు కాదు. న్యూ ఆర్డర్ 1983లో విడుదల చేసిన ఈ పాటలో డ్రమ్స్ ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ డ్రమ్ మెషిన్‌వి, బేస్ మూగ్ సోర్స్ సింథ్‌ది. సీక్వెన్సర్‌ను బెర్నార్డ్ సమ్నర్ విడిభాగాల కిట్ తెచ్చుకుని తనే అతికించుకున్నాడు. అందులోకి స్వరాలను ఒక్కొక్కటిగా ఎక్కించే పని గిలియన్ గిల్బర్ట్‌ది. పొడవాటి కాగితం మీద వరసంతా రాసుకుని ఎక్కిస్తుంటే ఒకచోట ఒక స్వరం జారిపోయింది. దాంతో ట్యూన్ తాళానికి కాస్త తప్పి నడుస్తుంది. దాన్ని అలాగే ఉంచేశారు. నన్నడిగితే పాటకు ఆ ఊగు అక్కడినుంచే వచ్చింది.

డీఎక్స్7 అందరి పాటల్లోనూ ఒకేలా ఎందుకు వినిపిస్తుంది?

దాన్ని మార్చడం అంత కష్టం గనక.

1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కంప్యూటర్ మీద గమకం లాంటి కంపనంతో ప్రయోగాలు చేస్తున్నాడు. స్వరాన్ని కొంచెం పైకీ కిందికీ ఊపితే మనకు కంపనం వినిపిస్తుంది. ఆ ఊపు వేగాన్ని సెకనుకు వందలసార్ల దాకా పెంచితే ఊపు వినిపించడం మానేసి, స్వరం రంగే మారిపోయింది. గంట, ఇత్తడి, గాజు, అన్నీ అందులోంచే వచ్చాయి. ఎఫ్ఎం సింథసిస్ అంటే ఇదే. యమహా దానికి లైసెన్స్ తీసుకుని 1983లో డీఎక్స్7 తెచ్చింది.

ఆరు ఆపరేటర్లు (ఒకదాన్నొకటి ఊపే తరంగాలు), వాటిని కలిపే 32 పద్ధతులు, ఒకేసారి 16 స్వరాలు. కానీ ముందువైపు నాబ్‌లు లేవు. చదునైన బటన్లు, విలువ మార్చడానికి ఒక్క స్లైడర్, చిన్న తెర. ఒక సంఖ్య మారిస్తే శబ్దం ఎటు పోతుందో ఊహకందదు. బ్రయన్ ఈనో లాంటి కొద్దిమంది ఓపిగ్గా లోపలికి దిగారు. మిగతావాళ్లు ఫ్యాక్టరీ ప్రీసెట్లతో సర్దుకున్నారు. అలా ఒకే ఎలక్ట్రిక్ పియానో, ఒకే బేస్ వందల పాటల్లో తిరిగాయి.

808 అంటే ఒక బేస్ సౌండా, డ్రమ్ మెషినా?

అసలు రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్. 1980 నుంచి 1983 వరకు సుమారు 12,000 తయారయ్యాయి. నిజం డ్రమ్స్‌లా లేదని అప్పట్లో పెదవి విరిచారు. పక్కనే రోజర్ లిన్ చేసిన ఎల్ఎం-1 అసలు డ్రమ్స్ శాంపిల్స్ (రికార్డు చేసిన ముక్కలు) వినిపిస్తుంటే ఎవరైనా అదే అంటారు. పాతబడి చవకగా దొరికేసరికి డబ్బులేని కుర్రాళ్ల చేతికొచ్చింది. దాని కిక్‌ను సాగదీస్తే మంద్రస్థాయిలో "బూమ్" అని చాలాసేపు మోగుతుంది. తర్వాతి తరం ఆ మోతను శ్రుతి చేసి బేస్‌గానే వాడుకుంది. ఇప్పుడు "808 వెయ్యి" అంటే చాలామంది అర్థం ఆ బేసే. రెండూ ఒప్పే.

ప్రిన్స్ డ్రమ్స్ ఎవరివీ కాని విధంగా ఉంటాయి, ఏం వాడాడు?

లిన్ ఎల్ఎం-1. అందరికీ దొరికిన శాంపిల్సే. ఆయన వాటి శ్రుతి దించేవాడు, గిటార్ పెడల్స్‌లోంచి పంపేవాడు. 1984లో వచ్చిన "వెన్ డవ్స్ క్రై"లో తలుపు తట్టినట్టుండే ఆ దెబ్బ నిజానికి శ్రుతి దించిన సైడ్‌స్టిక్, అంటే డ్రమ్ అంచు మీద పుల్లతో కొట్టే దెబ్బ. ఆ పాటలో బేస్ లేదు. చివరి నిమిషంలో తీసేశాడు. ఆ ఖాళీ వల్లే డ్రమ్స్ అంత దగ్గరగా వినిపిస్తాయి.

టీబీ-303ని యాసిడ్ సంగీతం కోసమే తయారుచేశారా?

కాదు. ఈ రోలాండ్ బేస్ యంత్రాన్ని ఒంటరిగా సాధన చేసుకునే గిటార్ వాద్యకారుడికి బేస్ తోడు ఇవ్వాలని చేశారు. బేస్ గిటార్‌లా వినిపించలేదు, ప్రోగ్రామ్ చేయడం తలనొప్పి. 1984కల్లా తయారీ ఆగిపోయింది. చికాగోలో ఫ్యూచర్ బృందం దాని నాబ్‌లను పాట నడుస్తుండగానే తిప్పుతూ 1987లో "యాసిడ్ ట్రాక్స్" విడుదల చేసింది. ఆ కీచుమనే, జారిపోయే శబ్దంతో నడిచే డ్యాన్స్ సంగీతానికి యాసిడ్ అనే పేరు అలా స్థిరపడింది.

దానికి ఐదేళ్ల ముందు, 1982లో, బాలీవుడ్ స్టూడియోల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ ఇదే 303నీ, 808నీ, జూపిటర్-8 సింథ్‌నీ ముందు పెట్టుకుని డిస్కో తాళం మీద పది రాగాలు వాయించి ఆల్బమ్ చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక విన్నవాళ్లు తేదీ చూసి నమ్మలేకపోయారు. 303లో ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే స్లైడ్ ఉంటుంది. మన చెవికి అది జారుడు గమకంలా వినిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

ప్రీసెట్ వాడటం మోసం కాదా?

అయితే పెద్దపెద్దవాళ్లంతా మోసగాళ్లే. మైకల్ జాక్సన్ "బీట్ ఇట్" మొదట్లో మోగే ఆ గంట సింక్లావియర్ అనే సింథ్ డెమోలో ఉన్న శబ్దమే. ఎన్యా "ఓరినోకో ఫ్లో"లో మీటినట్టుండే ఆ తీగలు రోలాండ్ డీ-50లోని పిజ్జగోగో ప్రీసెట్. రాబిన్ ఎస్ "షో మి లవ్" ఆర్గాన్ కోర్గ్ ఎం1 ప్రీసెట్. టెక్నోలో వాక్యూమ్ క్లీనర్ అరిచినట్టు ఉంటుందని హూవర్ అని పిలిచే శబ్దం కూడా రోలాండ్ ఆల్ఫా జూనోలో ముందే ఉన్నదే.

ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ప్రొడ్యూసర్ పని. మనకు వినిపించే కళ అదే.

కొత్తతరం వాళ్లు ఏం వాడుతున్నారు?

యంత్రం పేరు చెప్పి గుర్తుపట్టే కాలం చాలావరకు పోయింది. 1990ల రెండో సగంలో రోలాండ్ జేపీ-8000 తెచ్చిన సూపర్‌సా, అంటే కొద్దికొద్దిగా శ్రుతి తప్పించిన ఏడు రంపపు తరంగాల గుంపు, ఇప్పుడు ప్రతి ప్లగిన్‌లోనూ, అంటే కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ సింథ్‌లోనూ ఉంది. స్క్రిలెక్స్ మొదటి పాటల్లో ఆ గర్జనలకు ఎఫ్ఎం8 అనే సాఫ్ట్‌వేర్ ముఖ్యం. నాయిస్‌లా వినిపించినా వెనక ఉన్నది డీఎక్స్7 సిద్ధాంతమే. నాకు ఇష్టమైన ఉదాహరణ సోఫీ అనే ప్రొడ్యూసర్. రబ్బరు సాగినట్టు, లోహం వంగినట్టు, బుడగ పగిలినట్టు ఉండే శబ్దాలను శాంపిల్స్‌తో కాకుండా ఎలెక్ట్రాన్ మోనోమెషిన్ మీద తరంగాల నుంచే మలిచింది. 2016లో చార్లీ ఎక్స్‌సీఎక్స్ "వ్రూమ్ వ్రూమ్" ఆమె చేతి పనే.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

అసలు పాత యంత్రమే కొంటే ఆ సౌండ్ వస్తుందా?

వస్తుంది, రిపేర్లతో సహా. నేను చేతులు కాల్చుకున్న కథ చెప్తాను. పాత జూనో-106 ఒకటి దొరికితే ఎగబడి కొన్నాను. అమ్మినాయన ఒకే కార్డ్ నొక్కిపట్టి, ఫిల్టర్ తిప్పుతూ వీడియో పంపాడు, ఎంత బాగుందో. ఇంటికొచ్చాక వాయిస్తే ప్రతి ఆరో స్వరం చిటపటమని ఆరిపోతుంది. ఆరు గొంతుల సింథ్‌లో (ఒకేసారి ఆరు స్వరాలు పలికేది) ఒక గొంతు చచ్చిపోయింది. లోపలి వాయిస్ చిప్‌ల మీద పూసిన రెసిన్ పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడై చిప్‌నే తినేస్తుంది. ఈ మోడల్‌కు అందరికీ తెలిసిన జబ్బే. నాకే అప్పటికి తెలియదు.

కొనేముందు ఆరు మెట్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పైకి వెళ్లండి, మళ్లీ కిందికి రండి. గొంతులు వంతులవారీగా పలుకుతాయి కాబట్టి చచ్చినది దొరికిపోతుంది. వీడియో చూసి కొనకండి.

అనలాగ్ సౌండ్ నిజంగా వేరేనా, లేక భ్రమా?

విడిగా, గట్టిగా పెట్టి, నాబ్ తిప్పుతూ వింటే తేడా ఉంటుంది. శ్రుతి కాస్త ఊగడం, ఒక గొంతుకూ ఇంకోదానికీ చిన్న తేడాలు, ఫిల్టర్ గరుకుదనం. పాటలో డ్రమ్స్, గొంతు చేరాక ఆ తేడా పట్టుకున్నామని బల్లగుద్ది చెప్పేవాళ్లను కళ్లకు గంతలు కట్టి పరీక్షిస్తే సరదాగా ఉంటుంది. నేనూ ఓడిపోయాను.

డబ్బులు పెట్టకుండా మొదలుపెట్టొచ్చా?

నిక్షేపంగా. వైటల్ అనే ప్లగిన్ ఉచిత రూపంలో దొరుకుతుంది, ఏ నాబ్ ఏం చేస్తుందో తెరమీద కదులుతూ కనిపిస్తుంది కాబట్టి నేర్చుకోవడానికి దానికి మించింది లేదు. సర్జ్ ఎక్స్‌టీ కూడా ఉచితం, లోతు ఎక్కువ. డెక్స్‌డ్ అయితే డీఎక్స్7కు నకలు, పాత డీఎక్స్7 ప్యాచ్‌లను (దాచిపెట్టుకున్న శబ్దాల అమరికలను) నేరుగా ఎక్కించుకోవచ్చు. ఒకేసారి పది ప్లగిన్లు దింపుకోవద్దు. ఒక్కదానితో రెండు నెలలు ఉండండి.

పాత సింథ్‌ను కంప్యూటర్‌కు కలపడం కుదరట్లేదు. ఏం చేయాలి?

వెనక ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్, పక్కన మిడి అని ఉందేమో చూడండి. మిడి 1983లో వచ్చింది. సీక్వెన్షియల్ కంపెనీ డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ ఇకుటారో కకెహాషి పోటీదారులై ఉండి కూడా పూనుకుని తెచ్చిన, యంత్రాల ఉమ్మడి భాష అది. అంతకుముందు యంత్రాలకు మిడి సాకెట్ ఉండదు. ఉదాహరణకు జూనో-106కు మిడి ఉంది, అంతకు కొంచెం ముందొచ్చిన జూనో-60కి లేదు, దానికి రోలాండ్ సొంత డీసీబీ సాకెట్ ఉంటుంది. అలాంటివాటికి మార్పిడి పెట్టె ఒకటి కొనుక్కోవాలి.

## సొంతంగా చేస్తున్నప్పుడు

సాఫ్ట్‌వేర్‌లో జూనో ప్యాడ్ చేస్తే ఎందుకో ట్రాన్స్ (ఒక రకం డ్యాన్స్ సంగీతం) పాటలా అయిపోతోంది.

యూనిసన్ (ఒకే స్వరానికి చాలా తరంగాలు పేర్చే మీట) ఆన్ చేసి ఉంటారు. అందరూ చేసే తప్పు ఇదే. వెడల్పు కావాలనగానే ఏడు తరంగాలు పేర్చేస్తారు. జూనోలో ఒక స్వరానికి ఉన్నది ఒక్క ఆసిలేటరే. దాని పేదరికాన్ని దాచడానికి చివర్లో కోరస్ (శబ్దానికి కొద్దిగా ఊగే నకలును కలిపే ఎఫెక్ట్) పెట్టారు, ఆ కోరస్సే దాని పేరు నిలబెట్టింది.

ఇలా చేసి చూడండి. ఒక ఆసిలేటర్, రంపపు తరంగం, యూనిసన్ ఒకటికి దించండి. ఒక స్థాయి కింద చతురస్ర తరంగం కొంచెం కలపండి. లో-పాస్ ఫిల్టర్ (పైనున్న పదును కోసేది) 24 డీబీ, కటాఫ్ సగం కంటే కిందకి, రెజొనెన్స్ (కోసినచోట శబ్దాన్ని ఎత్తిచూపేది) దాదాపు సున్నా. ఎన్వలప్‌లో అటాక్ (లేచే సమయం) అర సెకను లోపు, రిలీజ్ (వదిలాక ఆరిపోయే సమయం) ఒక సెకను పైన. ఇప్పటిదాకా వినిపించేది చప్పగా, సన్నగా ఉంటుంది. ఉండనివ్వండి. ఇప్పుడు స్టీరియో కోరస్ పెట్టి, వేగం సెకనుకు ఒకసారి కంటే తక్కువగా ఉంచి, సగం దాకా కలపండి. చప్పటి గీత కాస్తా గదంతా పరుచుకుంటుంది.

ఇంకో చిట్కా. గొంతుల సంఖ్యను ఆరుకు కట్టేయండి. కొత్త కార్డ్ నొక్కితే పాత కార్డ్ తోకలు తెగిపోతాయి. పాత రికార్డుల్లో కార్డ్ మారేచోట వినిపించే ఆ శుభ్రత అదే.

మోరోడర్ తరహా బేస్ చేద్దామంటే బురదలా ఉంటోంది.

మూడు చూడండి. స్వరం పొడవు తగ్గించండి, ఎన్వలప్ డికే (మొదటి దెబ్బ తర్వాత తగ్గే సమయం) పొట్టిగా, సస్టెయిన్ (మెట్టు నొక్కి ఉంచినంతసేపు నిలిచే స్థాయి) సున్నా. ఫిల్టర్‌ను కూడా అదే ఎన్వలప్‌తో టక్‌మని మూసేలా చేయండి. డిలే (ప్రతిధ్వని) ఒక్కసారే పలకాలి, ఫీడ్‌బ్యాక్ (అది మళ్లీ మళ్లీ పలకడం) వద్దు. అసలు స్వరం ఒక పక్కకు, ప్రతిధ్వని ఇంకో పక్కకు. రివర్బ్ (హాల్లో మోగినట్టుండే మోత) పెట్టి ఉంటే తీసేయండి, బురద అక్కడిదే.

ట్యుటోరియల్‌లో చూపించినట్టే నాబ్‌లన్నీ పెట్టాను. అయినా ఆ సౌండ్ రావట్లేదు.

నాబ్‌లు సరే, మీరు నొక్కుతున్నవి అవే స్వరాలా, అదే స్థాయిలోనా? పదికి ఏడుసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. ఒక బ్రాస్ ప్యాచ్ మధ్యస్థాయిలో ఠీవిగా ఉంటుంది, ఒక స్థాయి పైన అదే బొమ్మ బాకాలా మారుతుంది. కార్డ్ అమరిక కూడా చూడండి. మూడు స్వరాలూ దగ్గరదగ్గరగా నొక్కడం వేరు, కింది స్వరాన్ని దూరంగా జరపడం వేరు.

అదీ సరిపోతే చుట్టూ ఏముందో చూడండి. అసలు పాటలో ఆ సింథ్ పక్కన గిటార్ లేదు, రెండో ప్యాడ్ లేదు. మీ పాటలో తొమ్మిది ట్రాకులు దాని మీద కూర్చున్నాయి.

రెండు సింథ్‌లు కలిపి వేయాలా?

పని పంచగలిగితే వేయండి. ఒకటి స్వరం మొదటి దెబ్బ కోసం, ఇంకోటి తర్వాత నిలిచే శరీరం కోసం. రెండూ అన్నీ చేస్తుంటే ఒకటి తీసేయడమే మేలు.

నాకు కీబోర్డు వాయించడం రాదు. ఇదంతా చేయగలనా?

1981లో ద హ్యూమన్ లీగ్ "డేర్" ఆల్బమ్‌కు ప్రొడ్యూసర్ మార్టిన్ రషెంట్ వాడిన రోలాండ్ ఎంసీ-8కు మెట్లే అక్కర్లేదు. కాలిక్యులేటర్ లాంటి అంకెల మీటలు ఉండేవి. ప్రతి స్వరానికి శ్రుతి ఒక సంఖ్య, పొడవు ఒక సంఖ్య, ఎంతసేపు మోగాలో ఇంకో సంఖ్య. జపాన్‌లో యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రాకు ఈ అంకెలు ఎక్కించడానికే హిదెకి మత్సుతాకె అనే ప్రోగ్రామర్ ఉండేవాడు, ఆయన్ను బృందంలో నాలుగో మనిషిగా చెప్పుకునేవారు.

మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో పియానో రోల్ (స్వరాలను గడుల్లో చూపించే తెర) తెరిస్తే మౌస్‌తో గీసుకోవచ్చు. మొదట ఒకే స్వరాన్ని పదహారు గడుల్లో నింపండి. తర్వాత అక్కడక్కడా మూడు నాలుగు చెరిపేసి, ఒకదాన్ని ఒక స్థాయి పైకి జరిపి వినండి. బేస్ లైన్ తయారైపోయినట్టే, ఇక ఫిల్టర్ నాబ్ పట్టుకోండి.